తొండం తెగిన ఏనుగు

లాడ్జి గేటు వేళకు తెరిచి ఉంటే మేం నడిచి గీసిన ఏనుగు బొమ్మకు తొలిరోజే నిండు తొండం ఉండేది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

ఊరంతా నడిచి, ఫోనులో నమోదయ్యే జీపీఎస్ గీతతో మ్యాపు మీద బొమ్మ గీయాలన్నది మా బావమరిది సరదా. జపాన్‌లో యసుషి తకహాషి ఇలాగే ఏడు వేల కిలోమీటర్లకు పైగా తిరిగి, తన ప్రియురాలికి పెళ్లి ప్రస్తావన రాశాడట. మాకు పదకొండున్నర కిలోమీటర్లు చాలు. గళ్ల నోటుపుస్తకంలాంటి వీధులు కనుక పుదుచ్చేరి. 2022 నవంబరులో పోయిన మణక్కుళ వినాయగర్ గుడి ఏనుగు లక్ష్మి మా ఆవిడకు ఒకసారి దీవెన ఇచ్చింది కనుక ఏనుగు.

బావమరిది బొమ్మను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఇంటర్నెట్ మ్యాపు మీద పరిచి, గీత మీది ఒక్కో చుక్కనూ దగ్గరి కూడలికి లాగి, వాటిని వీధులతో కలిపే ప్రోగ్రాము రాశాడు. చుక్కలు దూరం పెడితే కంప్యూటర్ అడ్డదారి పట్టి ఏనుగు పొట్టను లోపలికి నొక్కేస్తుంది. వంపులున్న చోట చుక్కలు దగ్గరదగ్గరగా పెట్టండి. తోకకైతే వెళ్లిన వీధిలోనే వెనక్కి రావాలి.

“మెలికల ముగ్గులో చెయ్యి ఎత్తకూడదని అమ్మమ్మ చెప్పింది ఇదే కదరా, దీనికి ల్యాప్‌టాప్ ఎందుకు?” అంది మా ఆవిడ తమ్ముడితో.

సముద్రం వైపు ముఖం, బీచ్ రోడ్డు మీద తొండం. అక్కడ ఉదయం ఏడున్నర దాకా వాహనాలు రావు. అందుకే నాలుగున్నరకు బయలుదేరి, తొండాన్ని అన్నిటికన్నా ఆఖరున గీయాలని లెక్క.

ఇక లాడ్జి. ఫోనులో 1,900 అన్న గది, బల్ల దగ్గర వారాంతం పేరుతో 2,350 అయింది. సముద్రం కనిపించే కిటికీ తెరిస్తే పక్కింటి నీళ్ల ట్యాంకు కనిపించింది. అది కూడా కారుతోంది. తెల్లవారుజామున దిగితే గేటుకు తాళం. కాపలాదారును లేపితే తాళంచెవి మేనేజరు దగ్గర ఉందన్నాడు. మేనేజరు ఆరు దాటాక తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, “గేటు ఆరింటికే సార్, రాత్రే చెప్పాలి” అన్నాడు. రాత్రి రెండుసార్లు చెప్పాను.

పొట్ట, కాళ్లు బాగానే వచ్చాయి. టీ కొట్టు దగ్గర పావుగంట కూర్చుంటే, రికార్డింగు ఆపడం మరిచిపోయినందుకు పొట్ట మీద గీతల ముద్ద పడింది. పక్క హోటల్లో 60 రూపాయల పొంగల్ మాత్రం అమృతం. నెయ్యి వేళ్ల సందుల్లోంచి కారింది. భారతి పార్కు చుట్టూ తిరిగి కన్ను పెట్టాం. బీచ్ రోడ్డు చేరేసరికి తొమ్మిదిన్నర. స్కూటర్లు, నెత్తి మాడ్చే ఎండ. తొండం సగంలో ఉండగా ఫోను ఆరిపోయింది.

“బావా, ఇది పంది కదా!” అన్నాడు బావమరిది. మా ఆవిడ మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు మిగిలిన ముక్క నడిచి, రెండు ఫైళ్లూ కలిపాం. ఆ రోజు గేటు సరిగ్గా నాలుగున్నరకే తెరిచారు. గది ఖాళీ చేసేటప్పుడు బిల్లులో చివరి వరుస చూశాను: గేటు, 200.