లేపాక్షికి గంట చాలదు: శిల్పాలను ఏ వరుసలో, ఏ వెలుగులో చూడాలి

అనంతపురం నుంచి లేపాక్షికి బయలుదేరే చాలామంది ప్లాను ఒకటే. బసవన్న ముందు ఒక ఫొటో, వేలాడే స్తంభం కింద తువ్వాలు లాగుతూ ఒక వీడియో, సీతమ్మ పాదానికి ఒక దండం, గంటలో తిరుగు ప్రయాణం. అంత దూరం పోయి అంతే చూసి వస్తే, పెళ్ళికి పోయి పందిరి చూసి వచ్చినట్టే. లేపాక్షిలోని ఈ వీరభద్రస్వామి గుడికి కనీసం మూడు గంటలు కావాలి. అందులో సగం నాట్యమండపానికే పోతుంది, పోవాలి కూడా.

జిల్లాల విభజన తర్వాత లేపాక్షి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. హిందూపురం నుంచి 15 కిలోమీటర్లు. బెంగళూరు హైవేలో వచ్చేవాళ్ళు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర తిరగాలి. వీలైనంత పొద్దున్నే చేరుకోండి. చెప్పులు బయటే వదలాలి, గుడి ఉన్నదేమో తాబేలు వీపులాంటి నల్లబండ మీద. ఫిబ్రవరి దాటితే పదకొండుకల్లా కాళ్ళు కాలతాయి. మేజోళ్ళు ఉంటే నయం. అందుకే ఎండ ఎక్కకముందు ఆరుబయట ఉన్నవి, ఎండ ఎక్కాక మండపం లోపలివి, చివరగా నంది. ఈ వరుస తప్పితే కాళ్ళు కాలి, చూపు తిన్నగా నిలవదు.

మొదట నాగలింగం దగ్గరకు వెళ్ళండి. ఒకే బండలో ఏడు పడగలు, చుట్టలు, మధ్యలో లింగం. తల్లి వంట చేసేలోపు శిల్పులు దీన్ని చెక్కేశారని, అన్నానికి పిలవడానికి వచ్చిన ఆమె చూసి ఆశ్చర్యపోతే ఆ చూపుకే రాయి చీలిందని కథ. చీలిక ఇప్పటికీ కనిపిస్తుంది. బిడ్డకు కన్నతల్లి దిష్టే ఎక్కువ తగులుతుందని మన ఇళ్ళలో అనే మాట ఇక్కడ రాతి మీద గీతై మిగిలింది. వెనకవైపుకు వెళ్ళి ఆ బండ మీది చిన్న బొమ్మలు కూడా చూడండి. సాలెపురుగు, పాము, ఏనుగు లింగాన్ని కొలిచే శ్రీకాళహస్తి కథ, కన్నప్ప కథ అక్కడున్నాయి. పడగల ఫొటో తీసుకుని కదిలిపోయేవాళ్ళకు ఇవి కంటపడవు.

అక్కడి నుంచి కల్యాణమండపం. పొద్దుటి ఏటవాలు ఎండ స్తంభాల మీద పడేటప్పుడే దీన్ని చూడాలి. పార్వతీ పరమేశ్వరుల పెళ్ళి ఇది. హిమవంతుడు ఉన్నాడు, ఋషులు ఉన్నారు, దిక్పాలకులు వచ్చి నిలబడ్డారు. పైకప్పు మాత్రం లేదు. 1530 ప్రాంతంలో, విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు ఈ గుడి కట్టించారు. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము వాడాడన్న నిందకు కళ్ళు పీకించే శిక్ష పడిందని, విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడని, మండపం పని అక్కడితో ఆగిపోయిందని జనం చెప్పుకుంటారు. దగ్గర్లోని గోడ మీది రెండు ఎర్రటి మరకలను చూపిస్తారు. కథలో నిజమెంత అన్నది పక్కన పెట్టండి. ముందు మరకలు చూసి, తర్వాత మండపం మధ్యలోకి వచ్చి నిలబడితే, పెళ్ళివాళ్ళంతా వచ్చినా పందిరి పడని ఆ పెళ్ళి మనసును పట్టేస్తుంది. ముందు మండపం, తర్వాత మరకలు చూస్తే ఆ బరువు సగం తగ్గిపోతుంది. ఆనుకుని ఉన్న లతామండపంలో స్తంభానికో రకం అల్లిక. చీరల అంచులు తెలిసిన ఆడవాళ్ళను వెంట తీసుకెళ్తే ఏ అల్లిక ఏ అంచుదో మీకంటే ముందే గుర్తుపడతారు.

ఇక నాట్యమండపం. డెబ్భై స్తంభాలున్నాయి కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక జనం తిరుగుతూనే ఉంటారు. తిరగకండి. నడిమధ్యలో, పైకప్పులో పద్మం ఉన్నచోట, దాని కింద నిలబడి నెమ్మదిగా చుట్టూ తిరిగి చూడండి. అప్పుడు అర్థమవుతుంది, ఇవి విడివిడి బొమ్మలు కావు, ఒకే కచేరీ. రంభ ఆడుతోంది. బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు. తుంబురుడి చేతిలో వీణ. మీరు నిలబడ్డది రంగస్థలం మీద.

ఈ కచేరీలో ఎక్కువసేపు ఆగవలసింది భృంగి దగ్గర. శివభక్తుడైన ముని, మూడు కాళ్ళవాడు. శివుడికి తప్ప పార్వతికి ప్రదక్షిణ చేయనని మొండికేసి, ఆమె కోపానికి రక్తమాంసాలు పోగొట్టుకుని, కూలబడిపోతుంటే శివుడు ఇంకో కాలిచ్చి నిలబెట్టాడు. నిలబడటానికే ఊత కావలసివచ్చిన ఆ మనిషిని ఇక్కడి శిల్పి నాట్యగురువుగా చెక్కాడు! మూడో కాలును లోపంగా దాచలేదు, లయలో కలిపేశాడు. మొత్తం గుడిలో ఇంతకన్నా గొప్ప ఆలోచన మరొకటి లేదు.

బొమ్మ సరిగ్గా కనబడాలంటే ఫోన్ టార్చి ఎదురుగా వేయకూడదు. ఎదురు వెలుగులో నీడ పడదు, బొమ్మ పలకలా చదునైపోతుంది. స్తంభం పక్కకు వెళ్ళి, రాతి ఉపరితలం వెంట జారేలా వెలుగు వేయండి. నగలు, కుచ్చెళ్ళు, వేళ్ళు లేచి వస్తాయి. గ్రానైట్ గరుకు రాయి, తాడిపత్రి గోపురాల మీది మెత్తని రాతిలో వచ్చినంత సన్నని పని ఇందులో రాదు. అందుకే ఇక్కడి శిల్పి నగకంటే నడుము వంపును, అడుగు పడే తీరును నమ్ముకున్నాడు. దగ్గరకు పోయి ఒక్క గవ్వంత చోటును వెతకడం కాదు, ఆరేడు అడుగుల దూరంలో నిలబడి ఒంటి కదలికను చూడండి.

ఈ మండపం పైకప్పు మీది రంగుల బొమ్మలకు టార్చి, ఫ్లాష్ రెండూ వద్దు. రంగులకు చేటు. అరచేతిలో చిన్న అద్దం పట్టుకుని చూస్తే మెడ నొప్పి ఉండదు. బొమ్మ కుడిఎడమలు మారుతుంది, అంతే. ఆవుదూడ ప్రాణానికి కన్నకొడుకును శిక్షించిన మనునీతి చోళుడి కథ అక్కడే ఉంది. పిల్లలుంటే వాళ్ళకు మొదట ఆ కథే చెప్పండి.

వేలాడే స్తంభం కూడా ఈ మండపంలోనే. ఒక మూల నేలను తాకుతుంది, మిగతా కింద గుడ్డ దూరుతుంది. రెండు నిమిషాల పని. గైడును మాట్లాడుకుంటే రేటుతో పాటు ఈ మాట కూడా ముందే చెప్పుకోండి, స్తంభం చివర చూస్తామని. లేకపోతే అక్కడికే మొదట తీసుకెళ్తారు, చుట్టూ చేరిన గుంపులో భృంగి వెనకబడిపోతాడు.

నంది ఊరి రోడ్డు పక్కనే, గుడికి కొద్ది దూరంలో. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకే రాయి. ముందు నుంచి తీసే ఫొటోలో పరిమాణం తెలియదు. పక్కగా వెళ్ళి, మెడలో గంటల పట్టెడ నుంచి మూపురం దాకా కన్ను నడిపించండి. కూర్చున్న ఎద్దు లేవబోయే క్షణంలో ఉండే బిగువు ఆ ఒంట్లో ఉంది. తర్వాత దాని చూపు వెంట వెనక్కి తిరగండి. అది చూసేది నాగలింగం వైపు.

నిజంగా గంటే ఉందంటే నందిని బస్సు కిటికీలోంచి చూసి, నేరుగా నాట్యమండపంలోకి వెళ్ళండి.