పండుగకు తాళం పడే ఇల్లు

తాగుడు మానడానికి ఓపీలో వైద్యం తీసుకుంటూ, హన్మకొండలో ఒక సంస్థ నడిపే ఇంట్లో 11 నెలలు ఉన్నాను. మంచం, భోజనం, తాగొస్తే బయటికే. ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే. నా బాధ ఒక్కటే, దసరాకు ఆ ఇల్లు మూసేస్తారు.

మూడు రోజులు. "ఇంటికి పోయి పిల్లలతో ఉండండి" అన్నారు, మంచి మనసుతోనే. కానీ మా దగ్గర దసరా అంటే సుక్క, ముక్క. 2025లో దసరా అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడే పడింది. ఆ రోజు వైన్స్ బంద్ కాబట్టి ముందు రోజే అందరూ తెచ్చిపెట్టుకున్నారు. పరకాలలో మా ఇంట్లో ఫ్రిజ్ తెరిస్తే పాల ప్యాకెట్ల పక్కన నాలుగు సీసాలు. జమ్మి చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకున్న బామ్మర్ది, "పండుగ పూట ఒక్క పెగ్గు బావా" అన్నాడు.

తాగితే ఒంటికి పడకుండా చేసే నా డైసల్ఫిరామ్ మాత్రలేమో వార్డెన్ అన్న బీరువాలో ఉండిపోయాయి. రోజూ ఆయన ముందే మింగాలి కదా. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మాత్ర వేసుకోక రెండు రోజులైంది, ఇప్పుడు తాగినా ఏం కాదులే అని మనసు మొదలుపెట్టింది. బయటికొచ్చి మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేశాను. అవతల ఆమె తెలుగులోనే నెమ్మదిగా చెప్పారు: మాత్ర ఆపినా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు, తాగితే గుండె దడ, వాంతులు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆఖరి బస్సెక్కి కాజీపేట స్టేషన్ చేరి, తెల్లవార్లూ బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున జమ్మికుంట వైపు నుంచి వచ్చిన రైలు దిగి మా రూమ్ తమ్ముడు ఎదురొచ్చాడు. వాడూ ఇంట్లో ఉండలేకనే వచ్చేశాడు.

చేరిన కొత్తలో ఎవరు అడిగినా సాయంత్రం వంట గురించే చెప్పేవాణ్ని. ఆరు నుంచి ఎనిమిది దాకా అందరం వంటగదిలోనే. ఉల్లిగడ్డలు కోస్తూ, రొట్టెలు కాలుస్తూ ఉంటే వైన్స్ వైపు కాళ్లు లాగే ఆ వేళ తెలియకుండానే గడిచిపోయేది. ఇప్పటికీ అది గొప్ప ఏర్పాటే. కాకపోతే ఆ ధైర్యం ఆ వంటగదిలోనే ఉండిపోయింది, పరకాల దాకా నా వెంట రాలేదు.

నేనైతే మళ్లీ చేరతాను. వారం వారం పరకాల నుంచి ఓపీకి తిరగడం నావల్ల కాదు, మా ఇంట్లో తాగేవాళ్లూ ఎక్కువే. ఇంట్లో ఎవరూ తాగని వాళ్లకు ఆ మూడు రోజులు అంత కష్టం కాకపోవచ్చు. చేరే ముందు మాత్రం దసరాకు తెరిచే ఉంటుందా అని అడగండి. మూసేస్తామంటే మీ మాత్రలు ముందే చేతికి ఇప్పించుకోండి.