గాలి రాకెట్లలో ఏది మేలు: బెలూనా, స్ట్రానా, తొక్కుడు సీసానా, నీటి సీసానా?

"పిల్లలతో కలిసి గాలి రాకెట్ చేద్దామనుకుంటున్నాం. దేనితో మొదలుపెట్టమంటారు?" సెలవులు దగ్గరపడితే చాలు, ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు. అప్పటికే నాలుగైదు వీడియోలు చూసి ఉంటారు కాబట్టి ఎలా చేయాలో వాళ్లకి తెలుసు. ఏది చేయాలన్న దగ్గరే ఆగిపోతారు. "ఏది ఎక్కువ ఎత్తు వెళ్తుంది?" అన్నది వెంటనే వచ్చే రెండో ప్రశ్న.

నేను ఎత్తు చూడను. ఒకసారి ఎగరేశాక మళ్లీ ఎగరేయడానికి ఎంతసేపు పడుతుందో చూస్తాను. మొదటి ప్రయోగం దాదాపు ఎప్పుడూ పాడవుతుంది. రాకెట్ పల్టీ కొడుతుంది, పక్కకి పోతుంది, లేదంటే ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు పిల్లలు "రెక్క వంకరగా ఉందేమో" అంటారు. ఆ మాట అన్న నిమిషంలోపు రెక్క సరిచేసి మళ్లీ వదలగలిగితే ఆట సాగుతుంది. పావుగంట పట్టిందా, వాళ్లు ఇంకో ఆటలోకి వెళ్లిపోతారు. జిగురు చేతులతో మనం ఒక్కళ్లమే మిగులుతాం.

ఈ లెక్కన అందరూ మోజుపడే నీటి రాకెట్ వెనకబడుతుంది. దాని సత్తా మీద నాకు అనుమానం లేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, బిరడా బిగించి, సైకిల్ పంపుతో గాలి కొడితే అది లేచే తీరు చూసి తీరాల్సిందే. నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు బరువు. లోపల కుక్కిన గాలి అంత బరువును ఒక్కసారిగా కిందికి చిమ్మేసరికి సీసా పైకి తన్నుకుపోతుంది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 2015లో నీటి రాకెట్‌ను 830 మీటర్ల ఎత్తుకు పంపారు. వాళ్లది కూల్‌డ్రింక్ సీసా కాదులెండి, కార్బన్ ఫైబర్‌తో ప్రత్యేకంగా చేసుకున్నది.

చిక్కంతా బిరడా దగ్గరే. వదులుగా ఉంటే నాలుగు పంపులకే ఊడిపోతుంది. బిగుతుగా ఉంటే ఎప్పుడు ఊడుతుందో ఎవరికీ తెలియదు. మొదటిసారి చేసినప్పుడు, ఇంకా లేవడం లేదేమిటా అని దగ్గరికి వెళ్లి వంగాను. సరిగ్గా అప్పుడే లేచింది. సీసా ముఖానికి తగల్లేదు కానీ తల నుంచి కాళ్ల దాకా తడిసిపోయాను. పిల్లలకి ఆ రోజు గుర్తున్నది రాకెట్ కాదు, నేనే. మళ్లీ నీళ్లు పోసి, బిరడా ఆరబెట్టి, పంపు కొట్టేసరికి ఎంత తొందరపడినా ఐదు నిమిషాలు పడుతుంది. పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, కళ్లకి దెబ్బ తగలకుండా రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. గ్యాస్ ఉన్న పానీయాల సీసాలు మాత్రమే వాడాలి, ఎందుకంటే ఒత్తిడిని తట్టుకునేలా చేసేది వాటినే. గీతలు పడ్డవీ నలిగినవీ వద్దు, గాజు సీసా ఊసే వద్దు. పన్నెండేళ్లు దాటిన పిల్లలు, ఖాళీ మైదానం, ఓపికున్న పెద్దవాళ్లు ఉంటే తప్పకుండా చేయండి. మొదటి రాకెట్‌గా మాత్రం వద్దంటాను.

బెలూన్ రాకెట్ మరీ తేలిక. దారానికి స్ట్రా ఎక్కించి, ఊదిన బెలూన్‌ను దానికి టేపుతో అతికించి వదిలేయడమే. గుండ్రటి బెలూన్ కన్నా పొడుగుది నేరుగా పోతుంది, దారం మాత్రం బిగుతుగా ఉండాలి. మళ్లీ ఊదడానికి అర నిమిషం చాలు కాబట్టి నా లెక్కలో నెగ్గాల్సింది ఇదే. అయినా పది సార్లకే పిల్లలకి విసుగొస్తుంది, కారణం దారమే. దారి ముందే తేలిపోయింది కదా, ఇక రెక్క మార్చినా ముక్కు మార్చినా తేడా ఏముంటుంది? ఐదేళ్ల లోపు పిల్లలకి బాగుంటుంది. వాళ్లకి ఊదే పని మీరే చేసిపెట్టండి, పగిలిన ముక్కలు నోట్లో పెట్టుకోకుండా వెంటనే ఏరేయండి.

స్ట్రా రాకెట్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. స్ట్రా చుట్టూ చిన్న కాగితం గొట్టం చుట్టి, ఒక కొస మూసి, ఊదడమే. వాన పడి ఇంట్లో ఇరుక్కున్న రోజున ఇంతకన్నా మంచిది లేదు. కాకపోతే ఎవరి మొహం మీదికీ ఊదకూడదన్న నియమం ముందే పెట్టండి.

ఇక నా ఓటు తొక్కుడు రాకెట్‌కి. ఖాళీ రెండు లీటర్ల సీసా మూతికి పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, ట్యూబు రెండో కొసకి అరంగుళం పీవీసీ పైపు బిగిస్తాం. పైపు మీద కాగితం రాకెట్ తొడిగి, సీసాను కాలితో గట్టిగా తొక్కితే రాకెట్ ఎగిరిపోతుంది. ఇది అసలు రాకెట్టే కాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. బెలూన్, నీటి సీసా తమలోని గాలినో నీటినో వెనక్కి చిమ్ముతూ వెళ్తాయి. ఇది పైపు దాటిన క్షణం నుంచి తోసేవాళ్లు లేని బాణమే. అందువల్లే రెక్కలు, ముక్కు ఎలా ఉన్నాయన్నదాని మీద దాని దారి అంతా ఆధారపడుతుంది, పిల్లలు మార్చగలిగేదీ వాటినే.

మా అమ్మాయి కనిపెట్టిన విషయం ఒకటి చెప్తాను. బరువు తగ్గిస్తే దూరం పోతుందని మొదట అనుకుంది. మామూలు 80 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 80 గ్రాములు తూగే) ఏ4 కాగితం 5 గ్రాములుంటుంది, అందులో సగం కాగితంతో చేసింది. పైపు నుంచి రివ్వున లేచి, కొంచెం దూరం పోగానే గాలిలో ఆగినట్టయి రాలిపోయింది. ముక్కులో శనగగింజంత బంకమట్టి పెట్టి తొక్కితే మొదటిదాన్ని దాటి పోయింది. మరీ తేలికైనదాన్ని గాలి ఇట్టే ఆపేస్తుంది. పైగా ముక్కు బరువుగా, తోకలో రెక్కలు ఉంటే పల్టీ కొట్టకుండా ముక్కు ముందుకే ఉంటుంది. సరే అని ఇంకాస్త పెట్టింది, ఈసారి దగ్గర్లోనే పడింది. ఎంత పెట్టాలో తేల్చడానికే ఆ సాయంత్రమంతా పోయింది. నీటి రాకెట్ అయితే ఇన్నిసార్లు ఎగరేసేవాళ్లం కాదు.

చేసేటప్పుడు పొరపాటు జరిగేది ఒక్కచోటే. కాగితాన్ని పైపుకి మరీ బిగించి చుడితే జారదు, వదులుగా చుడితే గాలంతా పక్కల నుంచి పోతుంది. ముందు పైపుకి ఒక పొర కాగితం చుట్టి, దాని మీద రాకెట్ చుట్టి, తర్వాత లోపలి పొర లాగేయండి. సరిపడా సందు మిగులుతుంది. ముక్కు కొసను టేపుతో పూర్తిగా మూసేయండి, సూదిగా మాత్రం చేయకండి. రెక్కలు మూడైనా నాలుగైనా ఫరవాలేదు, వంకర లేకపోతే చాలు. దూరం కావాలంటే పైపును 45 డిగ్రీలకి కాస్త తక్కువగా వంచండి. తొక్కే ముందు పైపు మీదికి ఎవరూ వంగకుండా చూడండి, నా నీటి రాకెట్ కథ వాళ్లకి చెప్పండి.

విమానాల సంగతీ అడుగుతారు. బెలూన్ కట్టిన థర్మాకోల్ విమానం ఫొటోలో బాగుంటుంది. ఎగరేస్తే బెలూన్ లావే గాలికి అడ్డం పడి ముక్కు నేలకేసి కొట్టుకుంటుంది. దాంతో కుస్తీ పట్టే బదులు స్ట్రాకి ముందు చిన్న కాగితపు ఉంగరం, వెనక పెద్ద ఉంగరం అతికించి చేత్తో విసరండి. గాలిపంపు అక్కర్లేదు, తేలుకుంటూ పోతుంది.

తొక్కిన ప్రతిసారీ సీసాను మళ్లీ ఉబ్బించాలి. పైపు కొస చుట్టూ పిడికిలి బిగించి, పిడికిలి రంధ్రంలోంచి ఊదితే ఒకరి ఎంగిలి ఒకరికి అంటదు. ఎంత జాగ్రత్తగా వాడినా నలిగిన మడత దగ్గర సీసా ఏదో ఒకసారి చిరుగుతుంది, అదీ ఆట మంచి ఊపు మీద ఉన్నప్పుడే. ఖాళీ సీసాలు ఇంకో రెండు పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి.