మొదటి ఫెరారీ: 360 మోడెనానా, ఎఫ్430నా?

సెకండ్ హ్యాండ్‌లో మొదటి ఫెరారీ కొనాలనుకునేవాళ్లు చాలామంది ఈ రెండింటి మధ్యే ఊగుతుంటారు. 1999లో వచ్చిన 360 మోడెనాలో 3.6 లీటర్ల వీ8 ఇంజిన్, 400 హార్స్‌పవర్. 2004లో దాని స్థానంలోకి వచ్చిన ఎఫ్430లో 4.3 లీటర్లు, 490 హార్స్‌పవర్.

వేగం సంగతి అలా ఉంచండి, జేబుకు తగిలే తేడా ఇంజిన్ లోపల ఉంది. 360లో వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టులుంటాయి. కారు తిరిగినా తిరగకపోయినా కొన్నేళ్లకోసారి వాటిని మార్చాల్సిందే. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పాడవుతుంది. ఎఫ్430లో బెల్టుల బదులు చైన్లు పెట్టారు, ఆ టెన్షన్ లేదు. అలాగని దానికి ఖర్చు ఉండదని కాదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, అంటే ఇంజిన్ పొగను బయటికి పంపే గొట్టాలు, పగలడం దాని పాత జబ్బు, కొనేముందు తప్పకుండా చూపించుకోవాలి.

ఎఫ్1 గేర్‌బాక్స్ (క్లచ్ పెడల్ లేకుండా స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మార్చేది) అయితే, ఏ కారైనా సరే, క్లచ్ ఎంత అరిగిందో కంప్యూటర్ పెట్టి చూపించమనండి.

చూడటానికి నాకు ఇప్పటికీ 360యే ఇష్టం, ఆ గీతల్లో ఒక నెమ్మదితనం ఉంది. అయినా మొదటి కారుకు ఎఫ్430నే తీసుకోమంటాను. సర్వీసు కాగితాలన్నీ పక్కాగా ఉన్న 360 దొరికి, ఎదురుగా ఉన్న ఎఫ్430కి ఏ రికార్డూ లేకపోతే మాత్రం 360 వైపే వెళ్లండి.