ఆకాశరామన్న ఉత్తరమా, సంతకం పెట్టిన సీల్డ్ కవరా?

ఆఫీసులో అవినీతి కళ్ళారా చూసినవాళ్ళకి ముందు తట్టేది ఆకాశరామన్న ఉత్తరమే. పేరు ఉండదు కాబట్టి భయం లేదనుకుంటాం. నేను మాత్రం అది వద్దంటాను.

నేను పనిచేసిన బ్యాంకు బ్రాంచిలో గిల్టు నగలకి గోల్డ్ లోన్లు ఇస్తున్నారని అలాంటి ఉత్తరమే వచ్చింది. నగల సంగతి ఎవరూ చూడలేదు. రాసిందెవరన్న ఆరాతోనే వారం గడిచింది. 'బంగారం'లో సున్నా చుట్టిన తీరు చూసి ఒక క్లర్కు గారిదే రాత అని తేల్చేశారు. రాసింది ఆయన కాదు. అయినా లంచ్‌లో ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. పైగా, పేరు లేని ఫిర్యాదుల మీద, కేంద్ర సంస్థల్లో అవినీతి సంగతి చూసే కేంద్ర విజిలెన్స్ కమిషన్ చర్య తీసుకోదు.

రెండో దారి పీఐడీపీఐ, అంటే అవినీతి గురించి చెప్పినవాళ్ళ పేరు దాచిపెట్టే కేంద్ర ప్రభుత్వ ఏర్పాటు. సత్యేంద్ర దూబే అనే హైవే ఇంజినీరు రోడ్డు పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాశాడు, తన పేరు బయటపెట్టొద్దని వేడుకున్నాడు. పేరుతో సహా ఆ ఉత్తరం చేతులు మారింది. 2003 నవంబర్ 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. అది దోపిడీ హత్యేనని కోర్టు తేల్చినా, ఆ మరణం రేపిన ఆగ్రహంతోనే 2004లో ఈ ఏర్పాటు వచ్చింది.

ఇందులో పేరు, అడ్రస్ ఉత్తరం లోపల రాయాలి. కవరు అంటించి, పైన 'పీఐడీపీఐ' అని రాసి కమిషన్ కార్యదర్శికి పంపాలి. పేరు కమిషన్ దగ్గరే గుప్తంగా ఉంటుంది. అందిందన్న జవాబు రాదు. ఆ టెన్షన్ భరించాలి. కాపీలు పేపర్లకో మరో ఆఫీసుకో పంపి పేరు మీరే బయటపెట్టుకుంటే ఈ రక్షణ దక్కదు. ఇలా ఫిర్యాదు చేసేవాళ్ళ రక్షణకి 2014లో చేసిన చట్టం ఇంకా అమల్లోకి రాలేదు కాబట్టి, ఉన్న రక్షణని జాగ్రత్తగా వాడుకోవాలి.

ఇది కేంద్ర ఉద్యోగులు, కేంద్ర సంస్థలు, ప్రభుత్వ బ్యాంకుల మీద ఫిర్యాదులకే. రాష్ట్ర ఉద్యోగి లంచం అడిగితే ఏసీబీ 1064కి ఫోన్ చేయండి. షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ అయితే ఆడిట్ కమిటీ ఛైర్మన్ దాకా నేరుగా వెళ్ళే వీలు ఉండాలని కంపెనీల చట్టమే చెబుతోంది.

పోస్టాఫీసు కౌంటర్లో "ఫ్రమ్ అడ్రస్ ఏదండీ?" అని అడిగితే కంగారుపడి రాసేయకండి. పీఐడీపీఐ కవర్లకి పంపినవారి పేరు అడగొద్దని తపాలా శాఖే తన ఆఫీసులకి చెప్పింది.