జాగింగ్ స్ట్రోలర్: ఎనిమిది నెలలు తోశాక చెబుతున్నా

ముందే చెప్పేస్తా, పిల్లల్ని కూర్చోబెట్టి తోస్తూ పరుగెత్తే ఈ బండితో మీ టైమింగ్ మెరుగవుతుందనుకుంటే కొనకండి. నేను అలా అనుకునే కొన్నాను. పాప పుట్టకముందు వారానికి 40 కిలోమీటర్ల దాకా పరుగెత్తేదాన్ని, హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్ల పరుగు) రెండు గంటల లోపు ముగించాను, అంతకు మించి గొప్ప రన్నర్‌నేమీ కాదు. కానీ పరుగెత్తని రోజు నాకు తిక్కగా ఉంటుంది, అది మా ఇంట్లో అందరికీ తెలుసు.

కాన్పయ్యాక మొదటి మూడు నెలలు పరుగు ఊసే లేదు. ఎంత బాగున్నా కనీసం 12 వారాలు ఆగమని 2019లో ఫిజియోథెరపిస్టులు రాసిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి, నేను ఆగాను. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. నేను బయటికెళ్లాలంటే మా ఆయన ఇంట్లో ఉండాలి. రాత్రి మూడుసార్లు లేచిన మనిషిని ఐదున్నరకి లేపి "ఓ గంట చూసుకోవా" అనడం, ఆయన సరేననడం, నేను షూ లేసులు కట్టుకుంటూ మొహం చాటేయడం. ఆయన ఒక్కరోజు కూడా విసుక్కోలేదు, అయినా ప్రతి పరుగూ అప్పు చేసి తెచ్చుకున్నట్టే ఉండేది. నాలుగో కిలోమీటర్ నుంచే వాచీ చూసుకోవడం, పాప లేచిందేమో, ఏడుస్తోందేమో అని. అలాంటి టెన్షన్‌తో పరుగెత్తడం కన్నా పడుకోవడమే నయం.

అందుకే ఈ బండి. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేవాటిలో ముప్పావు వంతు ఈ తరహా బండ్లన్నిటికీ వర్తిస్తాయి. మూడు చక్రాలు, వెనకవి రెండూ పెద్దవి, 16 అంగుళాలు, సైకిల్ టైర్లలాగే గాలి కొట్టాలి. చేతి బ్రేక్ ఉంది, చేయి జారినా బండి వెళ్లిపోకుండా మణికట్టుకి తగిలించుకునే పట్టీ ఉంది, పాపకి భుజాలూ నడుమూ కాళ్ల మధ్యా కలిపి ఐదు చోట్ల పట్టుకునే బెల్టు. ఖాళీ బండే 12 కిలోలు.

ఇంట్లో ఉన్న మామూలు స్ట్రోలర్‌తో పరుగెత్తకూడదా అని మా చెల్లి అడిగింది. వద్దమ్మా. వాటి ముందు చక్రాలు చిన్నవి, ఎటు పడితే అటు తిరుగుతాయి, వేగంలో ఒక చిన్న రాయి తగిలితే చాలు, అడ్డం తిరిగి బండి బోల్తా పడొచ్చు. జాగింగ్ స్ట్రోలర్‌లో ముందు చక్రాన్ని నిటారుగా లాక్ చేసేయొచ్చు, తేడా అంతా అక్కడే ఉంది. ఇంకో మాట, పిల్లలకి మెడ గట్టిపడి, తమంతట తాము కూర్చోగలిగేదాకా దీన్లో పరుగు వద్దు. చాలా కంపెనీలు 6 నెలలంటాయి, కొన్ని 8 అంటాయి. మా పాపకి ఏడో నెల నిండాక పిల్లల డాక్టర్ని అడిగే మొదలుపెట్టాను. అప్పటిదాకా నడకే.

మొదటి రోజు నా పొగరు దిగిపోయింది. మామూలుగా కిలోమీటరుకి ఆరు నిమిషాల్లోపు పరుగెత్తేదాన్ని, బండితో ఏడుంబావు. బల్లపరుపు దారిలో ఒకసారి కదిలిందంటే బండి దానంతటదే దొర్లుతుంది, అక్కడ పెద్ద బాధ లేదు. ఎక్కుడు వచ్చినప్పుడు తెలుస్తుంది. పాపా బండీ కలిపి 22 కిలోలు, వంద అడుగులకి ఐదడుగులు లేచే చిన్న ఎక్కుడులో కూడా అది కిలోకి పైగా బరువుతో వెనక్కి లాగుతుంది, మన ఒళ్లు మనం మోసుకోవడం కాక ఇదొకటి. మా ఆయన వరండాలోంచి చూసి "పరుగెత్తుతున్నావా, బండి లాగుతున్నావా" అన్నాడు. రెండు చేతులతో పట్టుకుంటే భుజాలు బిగుసుకుపోతాయి, చేతులు ఊగక నడుము పట్టేస్తుంది. ఒక చేత్తో తోస్తూ రెండోది మామూలుగా ఊపుతూ, రెండు మూడు నిమిషాలకోసారి చేయి మార్చుకోవడం నేర్చుకోడానికి నాకు నెల పట్టింది. వాచీ ఉన్న చేయి హ్యాండిల్ మీద కదలకుండా ఉంటే అడుగుల లెక్క తప్పుతుంది, దూరం మాత్రం జీపీఎస్ కాబట్టి సరిగ్గానే వస్తుంది. ఇదెందుకు చెబుతున్నానంటే, 9 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చినా ఆ రోజు పెద్దగా కదల్లేదని నా వాచీ నన్ను తిట్టింది.

ఇక ఈ బండిలో నా అసలు కోపం ముందు చక్రం లాక్ మీట మీదే. సగమే పడినా పూర్తిగా పడినట్టు కనిపిస్తుంది, టక్కుమన్న చప్పుడు కూడా వస్తుంది. ఒకరోజు చిన్న దిగుడులో ముందు చక్రం గజగజా వణకడం మొదలుపెట్టింది, హ్యాండిల్ నా చేతిలో ఆడుతోంది, పాపేమో అదేదో ఆట అనుకుని కేరింతలు. మెల్లగా బ్రేక్ నొక్కి ఆపి చూస్తే లాక్ పిన్ సగంలో ఉంది. కాళ్లు వణికాయి, అక్కడే కూర్చుండిపోయాను. మణికట్టు పట్టీని అప్పటిదాకా అలంకారం అనుకునేదాన్ని, ఆ రోజు నుంచి అది తగిలించుకోకుండా ఒక్క అడుగు వేయలేదు. బయల్దేరేముందు చక్రాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూడా మానేశాను. మడత పెట్టే మీట ఇంకో దండగ, దానికి మూడో చేయి కావాలి.

ఒకసారి ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ట్యూబ్ పంక్చరైంది, మా ఆయనకి ఫోన్ చేయాల్సి వచ్చింది. స్పేర్ ట్యూబ్, చిన్న పంపు కింద సంచిలో పెట్టుకోండి. పిల్లల సాక్సులు రెండు జతలు కూడా. మా పాప ఒక సాక్సు ఎప్పుడు విసిరేసిందో తెలీక వెనక్కి 600 మీటర్లు వెతుక్కుంటూ పరుగెత్తాను, ఆ రోజుకి అదే నా ఇంటర్వెల్ ట్రైనింగ్ (కాసేపు వేగంగా, కాసేపు మెల్లగా మార్చి మార్చి చేసే పరుగు).

బండితో పరుగు అనగానే చాలామందికి అమెరికాలోని హోయ్ట్ తండ్రీకొడుకులు గుర్తొస్తారు. డిక్ హోయ్ట్ సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న కొడుకు రిక్‌ని చక్రాల కుర్చీలో తోస్తూ 1977లో మొదటి పరుగు పూర్తిచేశాడు, ఆ తర్వాత ఇద్దరూ కలిసి వెయ్యికి పైగా రేసుల్లో పాల్గొన్నారు, బోస్టన్ మారథాన్ ఒక్కటే ముప్పైసార్లకి పైగా. కొన్న కొత్తలో నేనూ పాపతో రేసుకెళ్తానని కలలు కన్నాను. చాలా రేసుల్లో స్ట్రోలర్లకి అనుమతి ఉండదని తర్వాత తెలిసింది, గుంపులో పక్కవాళ్ల మడమలకి తగులుతుంది మరి. డబ్బు కట్టేముందు రూల్స్ చదవండి.

ఇన్ని చెప్పి కూడా దీన్ని అమ్మేస్తానా అంటే అమ్మను. వారంలో మూడు రోజులు పాపని తీసుకుని ఇంట్లోంచి బయటపడతాను, మా ఆయన గంటన్నర ఒళ్లు మరిచి నిద్రపోతాడు, నేను ఎవరికీ బాకీ పడను. వాచీ చూడటం మానేశాను, చూసినా ఆ పేస్‌కి సిగ్గేస్తుంది. పాప మొదటి రెండు కిలోమీటర్లు కుక్కల్నీ పక్షుల్నీ పలకరిస్తుంది, మూడో దానికి తల వాల్చేస్తుంది. కానీ ఒంటరి పరుగుకి ఇది బదులు కాదు. ఊపిరి అందకుండా వేగంగా వెళ్లే పరుగు, ఏమీ ఆలోచించకుండా చేసే లాంగ్ రన్, ఇవి బండితో కుదరవు, కుదిరినా చేయకూడదు. వాటికి ఆదివారం, బుధవారం పెట్టుకున్నాను. ఆ రెండు రోజులూ మా ఆయన్ని అడగాల్సిందే, అడుగుతున్నాను. ఇప్పుడు మొహం చాటేయడం లేదు.

ఐదుకి మూడున్నర ఇస్తున్నా. ఒకటి లాక్ మీటకి, అర మడతకి కోశాను. ఆ పిన్ సరిచేసిన కొత్త మోడల్ వస్తే చెప్పండి, మా చెల్లికి ఇప్పుడు ఐదో నెల.