మూడేళ్లుగా మా మిద్దె మీద జెల్లీ బీన్ మొక్క

ఉరవకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా అత్త ఈ కుండీ ముందు వంగి చూసి, "అన్నీ కాయలే ఉండాయి, ఆకు యాడమ్మా?" అని అడిగింది. ఏళ్ల తరబడి మిరపచేలో పనిచేసిన మనిషి ఆమె. తను కాయలనుకున్నవే ఆకులు. రెండు సెంటీమీటర్లకు మించవు. ఉబ్బెత్తుగా, నున్నగా ఉంటాయి. మొదట్లో ఆకుపచ్చ, మొనకు వచ్చేసరికి పండుమిరప ఎరుపు. దీని అసలు పేరు సెడమ్ రుబ్రోటింక్టమ్. అందులోని లాటిన్ మాటకు అర్థమే ఎరుపు అద్దినది అని.

ఆ ఎరుపు కోసమే కొన్నాను. మా అనంతపురం ఎండకు మేలో మండిపోయేంత ఎర్రగా ఉంటుందనుకున్నాను. కానీ అసలు రంగు సంక్రాంతి ముందు వచ్చింది. పగలు నిండుగా ఎండ, రాత్రి చలి, నీళ్లు తక్కువ. ఈ మూడూ కలిసిన ఆ నెలన్నర పొద్దున్నే కాఫీ గ్లాసుతో మిద్దె ఎక్కితే కుండీ నిండా ఎర్రటి మొనలే. ఎంతసేపైనా చూడాలనిపించేది.

మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ "ఏ పనీ ఉండదు, మరిచిపోయినా బతుకుతుంది" అని చెప్పాను. రెండో ఏడాది మేలో ఆకులు ముడతలు పడ్డాయి. దాహమేమో అని భయపడి రోజూ సాయంత్రం నీళ్లు పోశాను. వారం తిరగకముందే కాండం మట్టి దగ్గర నల్లబడి మెత్తబడింది. ఒకరోజు కుండీ పక్కకు జరపబోతే ఆకులన్నీ జలజలా రాలిపోయాయి. చేతిలో ఒట్టి కాడ మిగిలింది. ఆరోజు నాకు అన్నం సహించలేదు.

తర్వాత తెలుసుకున్నదేమిటంటే, ఈ జాతి మొక్కలు నీరు ఆదా చేసుకోవడానికి పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. మాకు మేలో రాత్రులూ వేడే. అప్పుడు మొక్క పెరగడం మానేసి ఊరకే ఉంటుంది. వేర్లు తాగని నీరు కుండీలో నిలిచి కుళ్లబెట్టింది. కరువు జిల్లాలో ఉంటూ మొక్కను నీళ్లు పోసి చంపుకున్నాను.

రాలిన ఆకుల్లో గట్టిగా ఉన్నవి ఏరి, నీడలో బండ మీద పరిచిన గరుకు ఇసుకలో పెట్టాను. నీళ్లు పోయలేదు. మూడో వారంలో ఒక ఆకు తెగిన చోట దారంలాంటి తెల్లటి వేర్లు, వాటి పక్కనే ఆవగింజలంత మూడు పిలకలు కనిపించాయి. తల్లి ఆకు ఎండి ముడుచుకుపోయేకొద్దీ పిలక ఉబ్బింది. ఇప్పుడు నా దగ్గరున్న ఐదు కుండీలూ ఆ ఆకుల నుంచి వచ్చినవే. అయితే కుండీ నిండడానికి ఏడాది దాటింది.

కాబట్టి నా పాత మాట కొంచెం మార్చుకుంటున్నాను. పని తక్కువే, కానీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం నీడ కావాలి, నీళ్ల చెంబు దూరంగా పెట్టాలి. మాకు పడమటి పిట్టగోడ ఉంది కాబట్టి సరిపోయింది. ఒట్టి మిద్దె తప్ప ఇంకేమీ లేనివాళ్లకు కష్టమే. పసిపిల్లలున్న ఇంట్లో అందేచోట పెట్టమనను. మిరపకాయలా కనిపించినా ఇది తినేది కాదు.

అత్త ఒక కుండీ కావాలంది. వాళ్ల వాకిట్లో వేపచెట్టు నీడ ఉంది. ఎండలు తగ్గి, చలి మొదలయ్యాక పంపుతానన్నాను.